బల్బు వెలుగుతుంది, ఇంజిన్ తిరగదు... ఎందుకు?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో మరబోట్లు వేటకు వెళ్లకూడదు. 61 రోజులు రేవులో కట్టేసిన బోటులో తాళం తిప్పితే ఒక్కోసారి ‘టక్’మని చప్పుడు, అంతే! కేబిన్‌లో బల్బు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఎందుకలా?

చిన్న బల్బుకు ఒకటి రెండు ఆంపియర్లు చాలు. బరువైన ఇంజిన్‌ను తిప్పే స్టార్టర్ మోటారుకు వందల ఆంపియర్లు ఒక్కసారిగా కావాలి. నీరసంగా ఉన్న మనిషి చెంబెడు నీళ్లు మోయగలడు గానీ, బస్తా ఎత్తలేడు కదా! నీరసించిన బ్యాటరీ కూడా అంతే.

ముందుగా బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. ఉప్పుగాలికి వాటిమీద తెల్లగా, పచ్చగా పొక్కులాంటి పొర పేరుకుంటుంది. అది కరెంటుకు అడ్డం. నెగెటివ్ తీగను ముందు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో రుద్ది, తుడిచి, వాజలీన్ రాస్తారు. చాలాసార్లు తప్పు ఇక్కడే దొరుకుతుంది.

తర్వాత వోల్టు మీటరు పెట్టి చూడాలి. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ దాదాపు 12.6 చూపాలి. 12.2 అంటే సగమే ఉన్నట్టు. ఛార్జింగ్ పెట్టాక కూడా తాళం తిప్పగానే 9 కిందికి పడిపోతే బ్యాటరీ పాడైనట్టే. వాడకుండా వదిలేస్తే అది దానంతటదే ఖాళీ అవుతుంది, లోపలి సీసం పలకలమీద సల్ఫేటు గట్టిపడుతుంది. అందుకే సెలవుల్లోనూ నెలకోసారి ఛార్జింగ్ పెట్టాలి.

ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వాయువు వస్తుంది. పిల్లలూ, ఆ బ్యాటరీ దగ్గర అగ్గిపుల్ల గీయనివ్వకండి!