కాక్‌టెయిల్ గౌనుకు తోడి అలంకారములు

చదువులకో ఉద్యోగములకో అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములకు వెళ్ళిన మన ఆడపడుచులు వ్రాయు జాబులలో ఒక ప్రశ్న మాకు తరచుగా ఎదురగుచున్నది. కార్యాలయమువారు సాయంకాలపు విందునకు ఆహ్వానము పంపుదురు. దాని అడుగున 'కాక్‌టెయిల్ దుస్తులు' అని రెండు మాటలుండును. గౌను ఏదో యొక దుకాణములో దొరకును. దానితో ఏమి పెట్టుకొనవలెను, ఏమి మానవలెను అన్నచోటనే చిక్కు. పుట్టింటివారు పెట్టిన నగలన్నియు ధరించిన పెండ్లికి వచ్చినట్లుండునేమో, ఏమియు ధరింపకున్న బోసిగా నుండునేమో అని సంశయము. క్రొత్త దేశములో, క్రొత్త కొలువులో, పై అధికారుల యెదుట మొదటిసారి నిలువబోవు పిల్లకు ఇది చిన్న సంశయము కాదు. ఆ భయముతో నెల జీతములో సగము దుకాణమువారికి సమర్పించుకొన్నవారును కలరు. ఆ ఖర్చు అనవసరమని చూపుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

పట్టుచీర కట్టుకొని వెళ్ళినచో ఎవరును ఆక్షేపింపరు. అదియు ఒక మార్గమే. గౌను తొడుగవలెనని నిశ్చయించుకొన్నవారికే ఈ మాటలు. అట్టి విందునకు వెళ్ళినవారు మద్యము పుచ్చుకొని తీరవలెనన్న నియమము లేదని కూడ ఇక్కడనే చెప్పి విడుతుము. చేతనున్నది నారింజరసపు గ్లాసైనంత మాత్రమున గౌనుకు లోటు రాదు.

ఈ గౌను పుట్టుక తెలిసినచో సగము సందేహములు వానియంతట అవియే తీరును. అమెరికాలో 1920 మొదలు 1933 వరకు మద్యనిషేధము అమలులో నుండెను. నిషేధమను మాటయు, దాని చాటున నడచు వ్యవహారమును మన ప్రాంతమువారికి విప్పి చెప్పనక్కరలేదు. బహిరంగ పానశాలలు మూతపడగా పానగోష్ఠి ఇండ్లలోనికిని, రహస్య స్థలములలోనికిని మారినది. అంతవరకు చాలమట్టుకు పురుషులదిగా నున్న ఆ గోష్ఠిలో స్త్రీలును చేరిరి. కార్యాలయములు మూసిన పిదప, రాత్రి భోజనమునకు ముందు, ఆరు మొదలు ఎనిమిది గంటల వరకు గల ఆ సంధివేళకు ఒక దుస్తు కావలసివచ్చినది. పగటి ఉడుపు చాలదు. నేలనంటు రాత్రి గౌను మితిమీరును. మోకాలి దాపున ఆగు కాక్‌టెయిల్ గౌను ఈ రెంటి నడుమ పుట్టినది.

1926 అక్టోబరులో అమెరికాలోని 'వోగ్' పత్రిక, పారిస్ నగరమున కోకో షానెల్ కుట్టించిన నల్లని సాదా గౌను బొమ్మను ప్రకటించి, దానిని ఫోర్డు మోటారుకారుతో పోల్చినది. ఆ పోలికలో గొప్ప సూక్ష్మమున్నది. ఫోర్డు కారు నల్లనిది, ఆడంబరము లేనిది, అందరును కొనదగినది. అంతవరకు నలుపు ఆ దేశములలో ముఖ్యముగా సంతాపమునకు గుర్తు, పనిపిల్లల ఉడుపు. అది విందులకు యోగ్యమైన రంగయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప, 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ తన మొదటి దుస్తుల ప్రదర్శనలో సన్నని నడుము, విశాలమైన కుచ్చెళ్ళు ప్రవేశపెట్టెను. ఆ తరువాతి పది పన్నెండేండ్లును కాక్‌టెయిల్ గౌనుకు మహర్దశ.

ఈ చరిత్రలో మనము గమనింపవలసినది ఒక్కటి. ఈ గౌను సాదాగా నుండుట దాని లోపము కాదు, దాని ఉపాయము. పగలెల్ల కార్యాలయములో పనిచేసి, ఇంటికి పోయి దుస్తులు మార్చుకొను తీరిక లేని స్త్రీ పైకోటు విప్పి, చెవులకు రాళ్ళ దుద్దులు పెట్టి, పెద్ద సంచి విడిచి చిన్న సంచి చేతపట్టినచో ఆ నల్లగౌనే సాయంకాలపు గౌనగును. దానిమీదనే సన్నని గొలుసొకటి వేసినచో మధ్యాహ్నపు భోజనమునకు సరిపడును. ధగధగలాడు హారము వేసినచో నాటకశాలకు పోవచ్చును. వేళను తెలుపునది గౌను కాదు, దానితోడి అలంకారము. కావున ఒక గౌను, మూడు నాలుగు సొమ్ములు గల ఆమె నాలుగు గౌనులున్న ఆమెకంటె ఎక్కువ చోట్లకు పోగలదు.

మన అలవాటు వేరు. పాపిటబిళ్ళ మొదలు మట్టెల వరకు మనకు శరీరమున ప్రతి స్థానమునకును ఒక సొమ్ము ఏర్పడియున్నది. అందులో ఏదేని లోపించినచో బోసి యందుము. పట్టుచీర ఆ బరువును మోయగలదు. దానికి జరీ యంచు కలదు, పమిట కలదు, కుచ్చెళ్ళు కలవు. నగలెన్ని యున్నను వానిని తనలో కలుపుకొనును. కాక్‌టెయిల్ గౌనుకు ఆ బలము లేదు. చూపు ఒక్కచోట ఆగునట్లు కత్తిరించిన దుస్తు అది. మెడయో, చెవులో, ముంజేయియో ఒకదానిని ఎన్నుకొని తక్కినవానిని తగ్గింపవలెను. రెండు చోట్ల ఆర్భాటము చేసినచో రెండును చెడును.

ఇక ఖర్చు సంగతి. మెరయునది అసలుదే కావలెనా? ఇచ్చట ఒక కథ చెప్పుట అవసరము. 1917లో న్యూయార్కు నగరమున ఫిఫ్త్ ఎవెన్యూలో నున్న ఒక భవనమును కార్టియే నగల వర్తకులు కొనిరి. దానికి ప్రతిఫలముగా ఇచ్చినది రెండు పేటల సహజ ముత్యాల హారము, పైన నూరు డాలర్లు. ఆ హారము విలువ అప్పటికి పది లక్షల డాలర్లు. నలువది యేండ్లకు, 1957లో, దానిని వేలము వేయగా లక్షన్నర డాలర్లు మాత్రమే పలికినది. ఆ భవనములో నేటికిని వారి దుకాణమున్నది. జరిగినదేమనగా, జపానులో మికిమొటో కోకిచి 1893లో ఆల్చిప్పలో పూసనుంచి అర్ధగోళాకారపు ముత్యమును పండించెను. ఆ కృషి క్రమముగా సాగి, 1920ల నాటికి గుండ్రని పెంపుడు ముత్యములు ఐరోపా విపణిలో ప్రవేశించెను. కంటికి భేదము తెలియదు. అంతట సముద్రమున మునిగి ప్రాణములొడ్డి తెచ్చిన ముత్యమునకును, పెంచిన ముత్యమునకును నడుమ ధర ఒక్కటే భేదముగా నిలిచినది. 1929 నాటి ఆర్థిక పతనముతో ఆ ధరయు కూలినది.

షానెల్ మరియొక అడుగు ముందునకు వేసినది. గాజు ముత్యముల సరములను, రంగురాళ్ళను అసలు నగలతో కలిపి బాహాటముగా ధరించి, తన దుకాణమున అమ్మించెను. ధనవంతులు సిగ్గుపడి దాచుకొను కృత్రిమాభరణము గౌరవమైన అలంకారమయ్యెను. గిల్టు నగలనిన చిన్నచూపు మనకును కలదు. కాని బందరు చిలకలపూడి పనివారు రాగి, ఇత్తడిపై బంగారు పూత పూసి చేయు నగలను పరీక్షించినవారికి ఆ చిన్నచూపు నిలువదు. నాణ్యమైన గిల్టు దుద్దులు ఈ గౌనుకు నిశ్చయముగా తగును. మా అభిప్రాయములో దీనికి తగనిది గిల్టు కాదు. ఇంటిలోని బరువైన ఇరువదిరెండు కేరట్ల బంగారమే. దాని గాఢమైన పసుపువన్నె నల్లని శాటిన్‌పై తానొక్కటే కనబడును, ధరించిన మనిషి కనబడదు. సన్నని పని అయినచో మాట వేరు.

మెడకు వచ్చునది దర్జీ కత్తిరింపును బట్టి యుండవలెను. కత్తిరింపు ముందు కోణముగా దిగినచో ఆ కోణము ననుసరించి దిగు చిన్న పతకము గల గొలుసు చాలును. భుజములు పూర్తిగా విడిచిన గౌనుకు కంఠమునంటియుండు పొట్టి హారము వేయవచ్చును. లేదా మెడను విడిచి చెవులకు లోలకులు వ్రేలాడదీయవచ్చును. ఒక భుజము మాత్రమే కప్పు గౌనుపై హారము వేయరాదు: వాలుగా నున్న అంచును గుండ్రని హారము అడ్డగించి రెంటి అందమును పాడుచేయును. దానికి విడిచియున్న చేతికి వెడల్పు కంకణమే తగినది. గౌను మెడచుట్టు చమ్కీయో పూసలపనియో ఉన్నచో హారము ప్రసక్తియే లేదు. ఆ కుట్టుపనియే హారము.

మెడవరకు మూసియున్న కత్తిరింపునకు సాధారణముగా హారము అక్కరలేదు. కాని అందరెరిగిన అపవాదము ఒకటి కలదు. 1961లో వచ్చిన 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్' చిత్రము మొదటి దృశ్యములో ఆడ్రీ హెప్‌బర్న్, జివాన్షీ రూపొందించిన నల్లగౌనుపై పలుపేటల ముత్యాల హారము ధరించును. ఆ గౌను పాదములవరకు దిగునది గనుక శాస్త్రప్రకారము కాక్‌టెయిల్ గౌను కాదు. అయినను పాఠము దానికిని వర్తించును. మెడవరకు మూసిన నల్లని వస్త్రము నగల వర్తకుని మఖమలు పలకవలె పనిచేసినది. ఆ ముత్యములు అసలువి కావు, కృత్రిమాభరణ శిల్పి కూర్చినవి. ఆ గౌను ప్రతులలో ఒకటి 2006లో లండనులో 4,67,200 పౌండ్లకు అమ్ముడుపోయినది. ఆ సొమ్ము మన బెంగాలులోని నిరుపేదలకు సేవచేయు సంస్థకు చేరినది.

మన హైదరాబాదు పేరుగల హారమొకటి ఇదే సూత్రమును మరియొక విధముగా చూపినది. 1947లో ఎలిజబెత్ రాకుమారి వివాహమునకు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఇచ్చిన కానుకలో కార్టియేవారి వజ్రహారము కలదు. దానిని ఆమెయే ఎంచుకొనెను. 2014లో ఆమె మనుమని భార్య కేథరిన్ లండను జాతీయ చిత్రపట ప్రదర్శనశాలలో జరిగిన విందునకు ఆ హారమును ధరించి వచ్చినది. గౌను ముదురు నీలము, ఏ పనియు లేనిది. అంతటి వజ్రములకే అంతటి సాదా వస్త్రము కావలసివచ్చినది. మనకు వజ్రములు వలదు. సముద్రమే లేని హైదరాబాదు ముత్యాల వర్తకమునకు పేరుపొందినది గదా. పత్తర్‌గట్టీలో కొన్న రెండు పేటల ముత్యములు ఇంట నున్నచో, నల్లగౌనుకు అంతకంటె మేలైనది ప్యారిసులోను దొరకదు.

చెవుల విషయము కురులతో ముడిపడియున్నది. జుట్టు పైకి ముడిచినచో లోలకులు, వదలివేసినచో చెవినంటియుండు దుద్దులు. మన బుట్టలు, జూకాలు ధరింపరాదా యని అడుగువారు కలరు. ధరింపవచ్చును, కాని అప్పుడు మెడ, చేతులు ఖాళీగా విడువవలెను. గాజులు నిండుగా వేసినచో ప్రతి కదలికకును గలగలమనును. మాటలే ముఖ్యమైన విందులో అది చికాకు. చేతికొకటి చాలును. మంగళసూత్రము, నల్లపూసలు, బొట్టు అలంకార శాస్త్రమునకు లోబడినవి కావు. అవి ఉంచుకొనుటయు మానుటయు ఆమె ఇష్టము. ఉంచుకొనదలచినచో హారము మానివేసిన సరి. నల్లగౌనుపై నల్లపూసలు మిక్కిలి పొందికగా నుండునని మాత్రము చెప్పగలము.

చేతుల సంగతి తెలియవలెనన్న ఆ విందు నడచు తీరు తెలియవలెను. అక్కడ కూర్చుండుట అరుదు. రెండు గంటలు నిలుచుండి, ఎడమచేత గ్లాసు పట్టుకొని, కుడిచేత క్రొత్తవారి కరస్పర్శ చేయవలెను. గ్లాసును ఎడమచేతనే ఏల పట్టవలెను? చల్లని గ్లాసు తడి కుడిచేతికి అంటకుండుటకు. దీనినిబట్టి రెండు నిర్ణయములు వచ్చును. మొదటిది, కాక్‌టెయిల్ ఉంగరమని పేరొందిన పెద్దరాతి ఉంగరము కుడిచేతి వ్రేలికి పెట్టుట ఆచారము. కాని రాతి అంచులు మొనదేలియున్నచో కరస్పర్శలో ఎదుటివారికిని మీకును నొప్పి కలుగును. నున్నని అంచుల ఉంగరమునే ఎన్నుకొనుడు. రెండవది, చేతిసంచి. సంచి పట్టుకొనుటకు మూడవ చేయి లేదు. కావున చంకక్రింద ఇముడునదియో, మణికట్టునకు తగిలించుకొను సన్నని గొలుసు గలదియో కావలెను. 1930లలో వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ అను పారిస్ నగల వర్తకులు పొడి, పెదవిరంగు, దువ్వెన మొదలగువానికి వేరువేరు అరలు గల లోహపు పెట్టెను చేసిరి. నేడు అందులో ఉండవలసినవి ఫోను, కార్డు, తాళపుచెవి. సంచి కొనబోవు ముందు ఫోను దానిలో పట్టునో లేదో చూచుకొనుట మరువరాదు.

గంట చూచుకొనుట గృహస్థుని అవమానించుట యని తలచిన రోజులలో కంకణమువలె కనబడు చిన్న రాళ్ళ గడియారములు వచ్చినవి. తాతమ్మలనాటి అట్టిది దొరకినచో ధరింపుడు, తోలుపట్టీ గడియారము ఇంట విడువుడు. చేతితొడుగులు, ముసుగు గల చిన్న టోపీలు 1950లలో తప్పనిసరి. 1960లు గడచునప్పటికి అవి వాడుకనుండి తొలగినవి, వానికొరకు విచారింపనక్కరలేదు.

పాదరక్షలు, సంచి, చేతితొడుగులు ఒకే రంగున నుండవలెనన్న ఆనాటి కట్టుబాటు నేడు లేదు. రంగుకంటె మడమ ముఖ్యము. క్రొత్తజోడు తొడిగి రెండు గంటలు నిలుచుట దుస్సాహసము. నాలుగు దినములు ఇంటిలో నడచి చూడవలెను. విందు పచ్చికపై నన్నచో సన్నని మడమ మట్టిలో దిగబడును, వెడల్పు మడమయే శరణ్యము. ద్వారముకడ కోటు తీసుకొందురు గనుక లోపలి శీతలయంత్రముల చలికి పల్చని శాలువ ఒకటి వెంట నుండుట మంచిది. ఇంట కాశ్మీరు శాలువ యున్నచో దానినే పని కనబడు వైపు లోపలికి మడిచి, అంచు మాత్రము పైకి వచ్చునట్లు ఒక భుజముపై వేసికొనవచ్చును.