మూలప్రతి భద్రత: ఆదేశపంక్తి ద్వారా బాహ్య డిస్కు గుర్తింపు, మౌంటు విధానం

హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీకి ఆ పేరు 18వ శతాబ్ది చివరలో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం నెలకొల్పిన ఫిరంగుల కర్మాగారం వల్ల వచ్చింది. నేడు ఆ పరిసరాలు పరిశోధకులకు 1887లో ఏర్పడిన నిజాం కళాశాల వల్ల, ఆబిడ్స్ కాలిబాటలపై ఆదివారాలు సాగే పాత పుస్తకాల సంత వల్ల సుపరిచితం. ఆ సంతలో లభించే పాత పత్రికా సంచికకు రెండవ ప్రతి దొరకకపోవచ్చు. దానిని స్కాన్ చేసి యూఎస్‌బీ డిస్కులో భద్రపరచినపుడు, ఆ డిస్కును తెరిచే పద్ధతి కూడా ప్రతి సంరక్షణలో అంతర్భాగమవుతుంది.

లినక్స్‌లో డిస్కును ఒక ఫోల్డరుకు అనుసంధానించి, అందులోని దస్త్రాలను అందుబాటులోకి తేవడమే మౌంటు. పూర్వం టేపులను, డిస్కులను యంత్రంపైకి ఎక్కించేవారు. ఆ క్రియే పారిభాషికమైంది. 'ఎక్కించు' అర్థరీత్యా సమీపమే అయినా, అప్‌లోడుకు ఆ మాట ఇప్పటికే వాడుకలో ఉన్నందున 'మౌంటు' అనే ఆదానపదమే మేలు.

అసలు ప్రమాదం గుర్తింపు దశలోనే ఉంది. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' అనే ఆదేశం డిస్కులను, వాటి విభాగాలను, పరిమాణాలను చూపుతుంది. డిస్కు పెట్టకముందు ఒకసారి, పెట్టిన తరువాత ఒకసారి దీనిని నడిపి, పాఠపరిష్కర్త రెండు ప్రతులను సరిపోల్చినట్లు చూడాలి. అధికంగా కనిపించినదే బాహ్య డిస్కు. 'ఎస్‌డీఏ' ఎప్పుడూ అంతర్గత డిస్కే అన్న భావన సరికాదు. ఎన్‌వీఎంఈ డిస్కు గల ల్యాప్‌టాప్‌లో ఆ పేరు బాహ్య డిస్కుకే రావచ్చు. మరల పెట్టినపుడు పేరు మారనూ వచ్చు. కనుక 'బీఎల్‌కేఐడీ' చూపే యూయూఐడీ సంఖ్యను నమోదు చేసుకోవడం ఉచితం. 1 టెరాబైట్ డిస్కు 931జీ అని కనిపిస్తే అది లోపం కాదు, గణనపద్ధతిలోని భేదం.

తరువాత 'ఎంఎన్‌టీ' ఫోల్డరులో ఒక ఖాళీ ఫోల్డరు సృష్టించి, 'సుడో మౌంట్' ఆదేశానికి విభాగం పేరును (ఉదాహరణకు 'ఎస్‌డీబీ1'), ఆ ఫోల్డరు మార్గాన్ని ఇవ్వాలి. స్కాన్ ప్రతుల విషయంలో 'ఆర్ఓ' అనే ఐచ్ఛికం తప్పనిసరి అనదగినది. దానివల్ల డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకొంటుంది, పొరపాటున తొలగించే అవకాశం ఉండదు. అయితే ఈఎక్స్‌టీ4 డిస్కు అంతకుముందు సక్రమంగా మూతపడకపోతే, 'ఆర్ఓ' ఉన్నా జర్నల్ మార్పులు డిస్కుపై రాయబడవచ్చు. అది కూడా జరగరాదనుకొంటే 'నోలోడ్' చేర్చాలి.

తెలుగు పరిశోధకులకు మరొక చిక్కు ఉంది. ఫ్యాట్32 డిస్కును ఆదేశంతో మౌంటు చేసినపుడు కొన్ని వ్యవస్థల్లో తెలుగు దస్త్రనామాలు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి. పేర్లు చెడిపోలేదు, చదివే సంకేతపద్ధతి మారిందంతే. డిస్కును తీసి 'యూటీఎఫ్8' ఐచ్ఛికంతో తిరిగి మౌంటు చేస్తే సరిపోతుంది. ఆ కంగారులో పేర్లు మార్చడానికి పూనుకోవడమే హానికరం.

నకలు తీసేటపుడు గమ్యస్థానమైన డిస్కు నిజంగా మౌంటు అయిందో లేదో 'ఫైండ్‌ఎంఎన్‌టీ' ఆదేశంతో చూసుకోవాలి. కాకపోతే దస్త్రాలన్నీ కంప్యూటరులోని ఖాళీ ఫోల్డరులోనే చేరి, భద్రప్రతి సిద్ధమైందన్న భ్రమ మిగులుతుంది.

పని ముగిశాక 'యూమౌంట్' ఆదేశం ఇవ్వాలి (ఇందులో 'అన్' లోని నకారం లోపించింది). డిస్కు పనిలో ఉందన్న సందేశం వస్తే, టెర్మినల్ ఆ ఫోల్డరులోనే నిలిచి ఉందేమో చూసి బయటికి రావాలి. నకలు పూర్తయినట్లు తెరపై కనిపించినా కొంత సమాచారం ఇంకా మెమరీలోనే ఉండవచ్చు. 'యూమౌంట్' ముగిసి ఆదేశపంక్తి తిరిగి కనిపించిన తరువాతనే కేబులు తీయాలి.