లావణ్య – ఒక స్త్రీనామ విచారము

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి తెలుగునాట ఆడపిల్లలకు విరివిగా పెట్టబడుచున్న పేర్లలో 'లావణ్య' ఒకటి. వ్యాకరణము చదివినవారికి ఈ పేరు విన్నంతనే ఒక సందేహము కలుగును. సంస్కృతమున లావణ్యశబ్దము నపుంసకలింగము. గుణమునకు పేరే గాని గుణము గల స్త్రీకి పేరు గాదు. అట్టి శబ్దమును కన్యకు నామముగా నుంచవచ్చునా? కన్యాదాన సంకల్పమున పురోహితుడు దానిని ఏ రూపమున ఉచ్చరింపవలెను? ఇది అశుద్ధము, పేరు మార్చుడని తల్లిదండ్రులకు చెప్పువారును కలరు. పీటలమీద కూర్చున్న పిల్లను పేరు మార్చుకొమ్మనుట తేలిక మాట కాదు. కావున విషయమును శాస్త్రముచేతనే పరిశీలింతము.

లవణశబ్దముపై భావార్థమున ష్యఞ్ ప్రత్యయము చేరగా లావణ్యమైనది. పాణినీయ పంచమాధ్యాయ ప్రథమపాదమున 123వ సూత్రము వర్ణవాచకములకును దృఢాదులకును ఈ ప్రత్యయమును విధించుచున్నది. దృఢాదిగణమున లవణశబ్దము పఠితము. ప్రత్యయము ఞిత్తగుటచే ఆదివృద్ధి కలిగినది. అనగా శబ్దార్థము ఉప్పదనము.

ఉప్పదనము అందమెట్లయినది? కూరలో ఉప్పు కంటికి కనబడదు. ఏ ముక్కలో నున్నదో వ్రేలుపెట్టి చూపలేము. లేకున్నచో కూర యంతయు చప్పన. అట్లే అవయవముల పొందికకు మించి మేనంతట వ్యాపించియుండు కాంతికి ఆలంకారికులు ఈ శబ్దమును వాడిరి. తొమ్మిదవ శతాబ్దివాడైన ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక ప్రథమోద్ద్యోతమున, వాచ్యమునకు భిన్నముగా స్ఫురించు ప్రతీయమానార్థమునకు స్త్రీల లావణ్యమునే దృష్టాంతముగా గ్రహించెను. ధ్వనిసిద్ధాంతమునకంతకు ఆధారమైన పోలిక ఇది. రూపగోస్వామి ఉజ్జ్వలనీలమణియందు దీనిని ముత్యములో కదలాడు నీటిడాలుతో సరిపోల్చెను. ఉప్పునకును ముత్యమునకును పుట్టినిల్లు సముద్రమే యగుట చమత్కారము.

ఈ భావన సంస్కృతమునకే పరిమితము కాదు. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణముననున్న జల్‌పల్లి వంటి చోట తెలుగును ఉర్దూయు ఒకే వీధిలో వినవచ్చును. ఉర్దూ మాటలాడు కుటుంబములవారు ఆడపిల్లలకు పెట్టుకొను పేర్లలో 'మలీహా' యనునది కలదు. అరబ్బీలో 'మిల్హ్' అనగా ఉప్పు. ఆ మూలమునుండియే 'మలీహ్' అను విశేషణము పుట్టి ఉప్పనిది, అందమైనది అను రెండర్థములను చెప్పుచున్నది. ఉర్దూ కవులు వాడు 'మలాహత్' మన లావణ్యమే. భాషాకుటుంబములు వేరు, మూలములు వేరు. ఉపమానము మాత్రము ఒక్కటే. ఇరుగుపొరుగు పిల్లలు లావణ్యయు మలీహాయు తమ పేర్లు ఏకార్థకములని ఎరిగియుండకపోవచ్చును. అయితే మలీహా అను రూపమున స్త్రీప్రత్యయము స్పష్టముగ నున్నది. లావణ్యకు అది పైకి కనబడకుండుటయే మన వివాదమునకు మూలము.

తెలుగున ఈ పేరు స్త్రీపరమైన తీరు గమనింపదగినది. అకారాంత తత్సమములలో పురుషవాచకము డు చేరి రాముడగును. నపుంసకము ము చేరి వనమగును. ఆకారాంత స్త్రీవాచకము హ్రస్వమై రమా రమగును, సీతా సీతయగును. కనుక ఏ ప్రత్యయమును లేక అకారముతో ముగియు పేరు తెలుగు చెవికి సహజముగ స్త్రీనామముగ వినబడును. లావణ్యము గుణము, ము తొలగిన లావణ్య ఆడపిల్ల. సౌజన్య, సంగీత, కావ్య అను పేర్లు ఈ దారినే వచ్చినవి. సంస్కృతమున పుంలింగమైన స్వప్నశబ్దము సైతము ఇట్లే ఆడపిల్ల పేరైనది. 'చైతన్య' మాత్రము మగపిల్లలకును చెల్లుచున్నది. శ్రీకృష్ణచైతన్యుల (1486–1534) ప్రసిద్ధి యందులకు తోడ్పడియుండును.

ఇది దేశభాషారీతి. సంకల్పము సంస్కృతమున చెప్పవలెను గదా? అందుకును మార్గము కలదు. పూర్వకవులు మతుప్ప్రత్యయముతో లావణ్యవతి యనిరి; ఉత్కళకవి ఉపేంద్రభంజుని కావ్యమునకు అదియే పేరు. మతుప్పు లేకయే అదే యర్థమును 'అర్శఆది' గణమునకు విహితమైన అచ్ ప్రత్యయము (5.2.127) ఇచ్చును. ఆ గణము ఆకృతిగణము. లావణ్యము గలది యను నర్థమున అచ్, ఆపై టాప్ రాగా 'లావణ్యా' అను స్త్రీలింగరూపము నిష్పన్నము. ష్యఞ్ షిత్తు గనుక మాధుర్యము మాధురియైనట్లు ఙీష్ రావలదా యని యడుగవచ్చును. భావవాచకమే స్త్రీలింగమైనపుడు ఆ మాట. ఇచట అంత్యప్రత్యయము అచ్చు గాన ఙీష్‌నకు ప్రసక్తి లేదు. పురోహితుడు 'లావణ్యానామ్నీమ్' అని నిస్సంశయముగ చెప్పవచ్చును.

ధర్మశాస్త్రమేమనుచున్నది? పారస్కర గృహ్యసూత్రము పురుషనామము కృదంతము కావలెననియు, తద్ధితాంతము కారాదనియు చెప్పి, స్త్రీనామము బేసి అక్షరములు గలదియు ఆకారాంతమును తద్ధితాంతమును కావలెనని విధించినది. 'లావణ్యా' మూడక్షరములది, ఆకారాంతము, తద్ధితాంతము. సూత్రమును ఎదుట నుంచుకొని ఏర్చినను ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకుట కష్టము! మనుస్మృతి ద్వితీయాధ్యాయము కోరు సుఖోచ్చారణము, మనోహరత్వము, దీర్ఘాంతత ఇందు కలవు. తెలుగు వైదికులలో పెక్కుమంది అనుసరించు ఆపస్తంబ గృహ్యము కుమార్తె పేరునకు బేసి అక్షరములను మాత్రమే చెప్పినది. అశుద్ధమని త్రోసిపుచ్చిన పేరు సూత్రకారుల లక్షణమునకు అక్షరాల సరిపోవుచున్నది.

స్వప్న, కావ్య అను పేర్లకు ఈ లెక్క చెల్లదు, అవి రెండక్షరములవి. ఆ కారణమున వానిని తప్పనువారు సీతా రమా ఉమా నామములను గూర్చి ముందుగ సమాధానము చెప్పవలసియుండును.