చెప్పింది గుర్తుంటుంది, చెయ్యే మొరాయిస్తుంది

పల్లెల్లో పెద్దవారికి చెయ్యి వణికితే ముసలితనమని వూరుకుంటారు. అడుగులు చిన్నవై, చొక్కా గుండీలకు పావుగంట పడుతుంటే ఇంట్లో విసుగు మొదలవుతుంది. "నిన్ననే చూపించాను గదా నాన్నా, గుర్తులేదా?" అని కొడుకు కసురుకుంటాడు. గుర్తు లేకేం! ఎరువు బస్తాల లెక్క కూడా ఆ పెద్దాయన తప్పుపోకుండా చెబుతాడు. గుండీ మాత్రం పట్టదు. ఇది మొండితనం కాదు, పార్కిన్సన్ జబ్బు కావచ్చు.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీన్ని గురించి రాశాడు. ఆయన పేరే జబ్బుకు వచ్చింది. ఇందులో మెదడు లోపల కొన్ని కణాలు నశించి డోపమైన్ అనే పదార్థం తగ్గిపోతుంది. సైకిలు తొక్కడం, తాడు పేనడం, చేటతో చెరగడం వంటి చేతివాటం పనులు అలవాటుగా కుదురుకోవడానికి ఆ పదార్థం కావాలి. విన్న మాట, చూసిన సంగతి దాచుకునే చోటు మెదడులో వేరే వుంది.

ఈ తేడాను 1996లో అమెరికాలో నోల్టన్, మాంగెల్స్, స్క్వయర్ అనే ముగ్గురు పరిశోధకులు చూపించారు. బొమ్మల కార్డులు చూపి వాన పడుతుందా, ఎండ కాస్తుందా చెప్పమన్నారు. చేయగా చేయగా ఒడుపు దొరికే ఆట అది. మతిమరుపు రోగులు ఆట సంగతులు సరిగా గుర్తులేకపోయినా ఒడుపు పట్టేశారు. పార్కిన్సన్ రోగులకు ఆట గుర్తుంది, ఒడుపే సరిగా చిక్కలేదు. జబ్బు ముదిరితే కొందరికి జ్ఞాపకమూ తగ్గుతుంది, అది వేరే సంగతి.

అందుకే ఇంట్లోవారు పనిని చిన్న ముక్కలుగా చేసి, ఒక్కొక్కటే నోటితో చెబుతూ చేయించాలి. ఎక్కువసార్లు చేయిస్తే చాలామందికి కొంతవరకు పట్టుబడుతుంది. నడిచేటప్పుడు కబుర్లు పెట్టకూడదు. కాళ్లు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోయేవారిలో కొందరు, అడ్డంగా సున్నపు గీతలు గీస్తే వాటిని దాటుకుంటూ నడిచిపోతారు! అలవాటు చేయని పని కన్ను చేయిస్తుందన్నమాట.

నరాల వైద్యుడు ఇచ్చే లెవోడోపా మాత్ర వేళకు పడాలి, ఉన్నట్టుండి మానరాదు. మన చేలగట్ల మీది దూలగొండి గింజల్లోనూ లెవోడోపా వుంది. అయితే ఏ గింజలో ఎంత వుందో తెలియదు గనుక సొంతంగా నూరి తాగితే ప్రమాదం.