గుర్రానికి పరీక్షల సెలవులు ఉండవు

చదువుకునే పిల్లవాడికి గుర్రపు స్వారీ ఎందుకు? ఈ ప్రశ్న వేసే తండ్రి మీద నాకు కోపం రాదు. కొల్లూరులో పొద్దున్నే బస్సెక్కి తెనాలి వెళ్ళి చదివే కుర్రవాడు ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. పగలంతా కాలేజీ, ఆ పైన ట్యూషను, నీట్ కోచింగు, మగ్రిబ్ తరువాత అరబీ పాఠం. ఇందులో గుర్రం ఇమిడే చోటెక్కడ? అయినా ఈ కోరిక ఇప్పుడు మన ఇళ్ళలో వినిపిస్తున్నది. ఉర్దూలోకి వచ్చిన తుర్కీ సీరియల్ ‘ఎర్తుగ్రుల్’ చూసి కొందరు, బరాత్‌లో పెళ్ళికొడుకు ఎక్కిన గుర్రంతో ఫొటో దిగి కొందరు, “అబ్బా, నేను గుర్రం నేర్చుకుంటాను” అంటున్నారు. ఆడపిల్లలు కూడా అడుగుతున్నారు. వద్దని ఒక్క మాటతో కొట్టిపారేసే తండ్రి అయినా, ముచ్చటపడి తల ఊపే తండ్రి అయినా, ముందు కొన్ని సంగతులు తెలుసుకోవడం మంచిది.

పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పమనే మాటను మనవాళ్ళు తరచు దైవప్రవక్త (స) ప్రవచనంగా చెబుతుంటారు. దానిని హజ్రత్ ఉమర్ (రజి) పేరిట చెప్పుకోవడమే సబబని హదీసు తెలిసినవారి మాట. మాట మంచిదే, కాని చెప్పినవారి పేరు సరిగా చెప్పడం కూడా మన ధర్మమే. గుర్రాల గురించి ప్రవక్త (స) నుంచి నిలకడగా వచ్చిన సంగతులకు కొదవ లేదు. సహీహ్ బుఖారీలో ఒక పందెం ముచ్చట ఉంది. నా ఉద్దేశంలో చదువుకునే పిల్లల తల్లిదండ్రులు మొదట వినవలసింది అదే.

మదీనాలో ప్రవక్త (స) గుర్రాలకు పందెం పెట్టించారు. అన్నిటికీ ఒకే దూరం పెట్టలేదు. మేత కొలిచి, ఒళ్ళు కరిగించి, చెమట పట్టించి తయారుచేసిన గుర్రాలకు హఫియా నుంచి సనియ్యతుల్ వదా వరకు, అంటే అయిదారు మైళ్ళు. అలా తయారు కాని గుర్రాలకు సనియ్యా నుంచి బనూ జురైఖ్ మసీదు వరకు, అది ఒక్క మైలు. ఎంత తయారీ ఉంటే అంతే దూరం. ఈ ముచ్చట చెప్పినవారు హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి). ఆ పందెంలో స్వయంగా పాల్గొన్నవారు కూడా. ఉహుద్ యుద్ధం నాటికి ఆయన వయసు 14 ఏళ్ళు, చిన్నవాడని వెనక్కి పంపారు. ఖందఖ్ నాటికి 15 ఏళ్ళు నిండాక అనుమతి దొరికింది. ఇప్పటి లెక్కలో పదో తరగతి కుర్రవాడి ఈడు. ఆ కుర్రవాడే పెద్దయి రెండు వేల ఆరువందలకు పైగా హదీసులు ఉమ్మత్‌కు అందించాడు. గుర్రం ఎక్కితే చదువు చెడిపోతుందన్న భయానికి ఆయన జీవితం ఒక జవాబు.

ఇంకొక జవాబు ఇమామ్ షాఫయీ (రహ్మ). 767లో గాజాలో పుట్టారు. తండ్రి చిన్నతనంలోనే పోయాడు. పేద తల్లి ఆయనను మక్కాకు తీసుకువచ్చి చదివించింది. కాగితం కొనే స్తోమత లేక ఎముకల మీద రాసుకున్నారు. కచేరీలో రాసి పారేసిన కాగితాలు అడిగి తెచ్చుకుని వాటి వెనకవైపు వాడుకున్నారు. తనకు రెండే రెండింటి మీద మోజు ఉండేదని, ఒకటి విలువిద్య, రెండవది విద్యార్జన అని ఆయనే చెప్పుకున్నారు. పది బాణాలు వేస్తే పదీ గురికి తగిలే స్థితికి చేరానన్నారు. రెండవ దాని గురించి మాత్రం ఏమీ చెప్పకుండా ఊరుకున్నారు. వింటున్నవారే అందుకుని, మీరు విలువిద్యలో కంటే విద్యలో ఇంకా పెద్దవారు అన్నారట. ఆయన స్వారీ గురించి శిష్యుడు రబీ చెప్పిన మాట వింటే నేటి పిల్లలు కూడా నోరు వెళ్ళబెడతారు. గుర్రం పరుగెత్తుతుండగా ఒక చేత్తో తన చెవి, మరో చేత్తో దాని చెవి పట్టుకుని స్వారీ చేసేవారట. (మన పిల్లలు దీన్ని అనుకరించకూడదు.) ఎండలో నిలబడి అంతసేపు బాణాలు వేస్తే క్షయ పట్టుకుంటుందని వైద్యుడు హెచ్చరించినట్టు కూడా గ్రంథాల్లో ఉంది. అంటే ఈ రెండింటినీ తూకం వేసుకోవడం ఇమాములకు కూడా అవసరమయిన పనే.

ఇక గుర్రం సంగతి. క్రికెట్ బ్యాటును పరీక్షల నెలలో అటక మీద పెట్టవచ్చు. గుర్రాన్ని పెట్టలేం. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఎనిమిది కిలోల ఎండుగడ్డి కావాలి. 25 నుంచి 40 లీటర్ల నీళ్ళు తాగుతుంది, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. ఒకేసారి కడుపు నిండా పెడితే పనికిరాదు, కొంచెం కొంచెంగా పలుమార్లు పెట్టాలి. గుర్రానికి వాంతి రాదు. అందుకే కడుపులో శూల వస్తే ప్రాణం మీదికి వస్తుంది. రోజూ ఒళ్ళు రుద్దాలి, డెక్కలు ఎత్తి అడుగున మట్టి తీయాలి. అయిదారు వారాలకొకసారి డెక్కలు చెక్కి లాడాలు మార్చాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు.

జట్కాల కాలం నాటి సాయిబులకు ఇదంతా ఒకరు చెప్పనక్కరలేదు. తెనాలి, రేపల్లె స్టేషన్ల ముందు జట్కాలు బారులు తీరిన రోజుల్లో సాయంత్రం బండి విప్పాక మొదట గుర్రానికి గుగ్గిళ్ళు, ఆ తరువాతే ఇంట్లో భోజనం. జీను, లగాము, రికాబు, సవారీ అని తెలుగువారు అనే మాటలన్నీ ఫార్సీ నుంచి మన ఉర్దూ నోళ్ళ మీదుగా వచ్చినవే. మాటలు మిగిలాయి, ఆ మాటల వెనక ఉన్న పనితనం తెలిసినవారు కరిగిపోయారు.

అందుకని గుర్రం కొంటానని పట్టుపట్టే పిల్లవాడికి నేను చెప్పేది, స్వారీ నేర్చుకోవడం వేరు, గుర్రాన్ని పెంచడం వేరు అని. చదువుకునే రోజుల్లో మొదటిదే చాలు. పైగా మనది కోహినూరు వజ్రం దొరికిందనే కృష్ణ ఎగువ కొల్లూరు కాదు, లంకల కొల్లూరు. నల్లరేగడి బురద. వానాకాలమంతా తడిలో నిలబడిన గుర్రానికి డెక్క అడుగున కుళ్ళు పడుతుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చినప్పుడు లంకల్లో గేదెలను గట్టెక్కించడానికి పడిన పాట్లు ఎవరూ మరచిపోలేదు. మెరక మీద పొడిగా ఉండే సాల లేనివారు గుర్రం మాట తలపెట్టకపోవడమే మేలు.

గుర్రం ముగ్గురికి మూడు రకాలవుతుందని కూడా బుఖారీలో ఉంది. ఒకరికి పుణ్యం, ఒకరికి అవసరానికి అడ్డుపడే తెర, మరొకరికి పాపభారం. మూడవవాడు నలుగురికీ చూపించుకోవడానికి పెంచినవాడు. అప్పుచేసి గుర్రం తెచ్చి, బజారులో తిప్పి, సెల్‌ఫోనులో వీడియోలు పెట్టే కుర్రవాళ్ళకు ఈ మూడో వరస వినిపించండి.

చదువు మానకుండా ఈ విద్యలో పైకి వచ్చినవారు మన కాలంలో లేరా అంటే ఉన్నారు. కేరళలోని మలప్పురం జిల్లాకు చెందిన నిదా అంజుమ్ చేలాట్ అనే ముస్లిం యువతి 2023 సెప్టెంబరులో ఫ్రాన్సులోని కాస్తెల్‌సగ్రాలో జరిగిన యువ రౌతుల ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీలో 120 కిలోమీటర్లు ఏడున్నర గంటల లోపే పూర్తి చేసింది. ఆ పోటీ పూర్తి చేసిన తొలి భారతీయురాలు ఆమే. మరుసటి ఏడాది 2024లో ఫ్రాన్సులోనే మోంపజియేలో పెద్దల విభాగంలో 160 కిలోమీటర్లు పదిన్నర గంటల లోపు పూర్తి చేసింది. ఇది చదువు వదిలి సాధించినది కాదు. దుబాయిలో పాఠశాల చదువు, ఆ పైన బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ డిగ్రీ చేసింది. ఆమె తండ్రి దుబాయిలో వ్యాపారి, ఆ సదుపాయం మనకు లేదు. అది దాచి ఆమెను మన పిల్లలకు ఆదర్శంగా చూపించడం న్యాయం కాదు.

కాని ఆమె ఎంచుకున్న పోటీ తీరు తెలుసుకోదగినది. ఎండ్యూరెన్స్‌లో దూరాన్ని విడతలుగా పంచుతారు. ప్రతి విడత చివర పశువైద్యులు గుర్రాన్ని పరీక్షిస్తారు. నిర్ణీత సమయంలో దాని గుండె నిమిషానికి 64 సార్లకు మించకుండా కొట్టుకునే స్థితికి దిగాలి. దిగకపోతే ఎంత ముందు వచ్చినా పోటీ నుంచి తప్పిస్తారు. కుంటినా అంతే. వేగం కోసం గుర్రాన్ని పిండినవాడికి అక్కడ చోటు లేదు. అలసిన గుర్రం ఎంత త్వరగా కుదుటపడుతుందో చూసి తరువాతి విడతకు పంపిస్తారు. మదీనా పందెంలో దూరాన్ని తయారీని బట్టి కొలిచారు. ఇక్కడ గుండెను బట్టి కొలుస్తున్నారు. రాత్రి రెండింటి దాకా పుస్తకం ముందు కూర్చోబెట్టి మళ్ళీ ఫజ్ర్‌కు ముందే లేపి కోచింగుకు పంపే మన ఇళ్ళలో పిల్లల విషయంలో ఈ కొలత ఎవరు చూస్తున్నారో నాకు తెలియదు.

చదువులో మేటి అయి స్వారీ దగ్గర ఆగిపోయిన కథ కూడా ఒకటి ఉంది. అరవింద ఘోష్ 1890లో ఇంగ్లండులో ఐ.సి.ఎస్. రాతపరీక్ష గెలిచాడు. రెండేళ్ళ శిక్షణ తరువాత స్వారీ పరీక్షకు వేళకు హాజరు కాలేదు. 1892లో ఆయనను ఉద్యోగానికి అనర్హుడన్నారు. ఆయనకు ఆ కొలువు మీద మనసు లేదని అంటారు, అది వేరే సంగతి. ఆ సంప్రదాయం ఇంకా పూర్తిగా పోలేదు. హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణలో ఉన్నవారికి స్వారీ నేర్పుతారు. సివిల్స్ కలలు కనే పిల్లలకు ఇది తెలియాలి.

మరి ఖర్చు లేకుండా నేర్చుకునే దారి ఉందా? ఉంది, కాని ఊళ్ళో లేదు. ఎన్.సి.సి.లో రిమౌంట్ అండ్ వెటర్నరీ దళాలని కొన్ని ఉన్నాయి. వాటికి సొంత గుర్రాలు, నేర్పేవారు ఉంటారు. తిరుపతిలో, హైదరాబాదులో ఇవి ఉన్నాయి. ఆ దళానికి అనుబంధమైన కళాశాలలో చేరిన విద్యార్థులనే తీసుకుంటారు, ఆడపిల్లలు కూడా చేరవచ్చు. స్వారీ ఉదయమే ఉంటుంది, తరగతులకు అడ్డురాదు. ‘సి’ సర్టిఫికెట్ వరకు నిలబడి, కోరిన గ్రేడు, డిగ్రీలో కావలసిన మార్కులు తెచ్చుకుంటే సైన్యంలో అధికారి పదవికి రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూకు వెళ్ళే వీలుంది. ఇంటర్ తరువాత పిల్లవాడిని ఎక్కడ చేర్పించాలా అని ఆలోచించే తండ్రి హాస్టలు, ఫీజులతో పాటు ఈ సంగతి కూడా అడిగి తెలుసుకోవచ్చు.

ఫజ్ర్ నమాజు అలవాటు ఉన్న ఇంటి పిల్లవాడికి ఇక్కడ ఒక మేలు ఉంది. గుర్రాలవారి రోజు కూడా ఆ వేళకే మొదలవుతుంది. మిగతా పిల్లలకు కష్టమనిపించేది వీడికి ముందే వచ్చు. కొత్తగా నేర్చుకునేవాడికి వారంలో రెండు మూడు రోజులు, ముప్పావు గంట చొప్పున చాలు. మొదటి నెలలో తొడలు పట్టేసి తరగతిలో కూర్చోవడమే కష్టమవుతుంది, కనుక పరీక్షల ముందు మొదలుపెట్టకూడదు. వేసవి సెలవుల తొలి వారం మంచిది. హెల్మెట్ లేకుండా ఎక్కనివ్వకూడదు. ధనుర్వాతం టీకా వేయించాలి, గుర్రపుశాల మట్టిలో ఆ జబ్బు పొంచి ఉంటుంది. నేర్పేవాడు మొదటి రోజే జీను ఎక్కించి పరుగు తీయించాడంటే వేరే చోటు చూసుకోండి. గుర్రాన్ని తుడవడం, డెక్క ఎత్తడం, కళ్ళెం వేయడం ముందు నేర్పినవాడు పనివాడు.

పరీక్షలకు రెండు నెలల ముందు వారానికి ఒక రోజుకు తగ్గించుకోవచ్చు. గుర్రం సొంతమైతే మాత్రం ఆ రెండు నెలలు దానిని వేరొకరు నడిపించే ఏర్పాటు ముందే చేసుకోవాలి. రోజూ పని చేసే గుర్రాన్ని నాలుగు రోజులు కట్టేసి, ఉలవల దాణా మాత్రం తగ్గించకుండా పెట్టి, అయిదో రోజున ఒక్కసారిగా పరుగెత్తిస్తే దాని తొడ కండలు బిగుసుకుపోతాయి, మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది, ఒక్కోసారి నిలబడలేక పడిపోతుంది. ఆదివారం సెలవు తీసుకున్న బండి గుర్రాలకు మర్నాడు వచ్చేది కనుక పాశ్చాత్యులు దీనిని సోమవారపు జబ్బు అనేవారు. పని లేని రోజున గడ్డి తగ్గించకుండా దాణా మాత్రం సగానికి తగ్గించాలి. పరీక్షలు ముగిశాక మొదటి వారమంతా నడకే, రెండో వారంలో కాస్త దుడుకు నడక. పరుగు ఆ తరువాత.