దెబ్బకు వెల

వీడియో ఆటలలో ఒక తరగతి కలదు. ఆటగాని బొమ్మ తెరపై ఎడమనుండి కుడికి నడచుచు, ఎదురైన దుండగులను కొట్టి ముందుకు సాగును. వెనుకనున్న వీధి దృశ్యము కదలిపోవుచుండును. తెర చదునైనదే అయినను బొమ్మ పైకి, క్రిందికి కూడ జరుగుటచే వీధికి లోతున్నట్లు తోచును. ఎదుటివాడు అదే వరుసలో నున్నప్పుడే దెబ్బ తగులును.

జపానుకు చెందిన క్యాప్‌కామ్ సంస్థ 1989లో విడుదల చేసిన ‘ఫైనల్ ఫైట్’ వీటిలో ప్రసిద్ధమైనది. దుండగులు చుట్టుముట్టినప్పుడు కొట్టు మీటను, ఎగురు మీటను ఒకేసారి నొక్కినచో, బొమ్మ గిరగిర తిరిగి చుట్టునున్నవారిని పడగొట్టును. కాని ఆ దెబ్బ తగిలినచో కొట్టినవాని ప్రాణబలము కొంత తరుగును. ఇట్లేల? ఆటగాడు దానినే పదేపదే వాడకుండుటకు. పైగా అది నాణెము వేసి ఆడు యంత్రము. ప్రాణములన్నియు తీరినచో ఆట కొనసాగుటకు మరల నాణెము వేయవలెను.

2020లో వెలువడిన ‘స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4’ను ఒకసారి కొని ఇంటనే ఆడుకొనవచ్చును. ఇందును ప్రత్యేక దెబ్బకు ప్రాణబలమే వెల. అయితే తరిగిన బలము ఆకుపచ్చ గీతగా నిలిచియుండును. తాను దెబ్బ తినక శత్రువులను కొట్టుచున్నచో అది కొద్దికొద్దిగా తిరిగి వచ్చును. మధ్యలో దెబ్బ తిన్నచో పోయినట్లే.

పాత ఆటలో ఆ దెబ్బ ఆపదకు దాచుకొన్న సొమ్ము. కొత్త ఆటలో అది నేర్పుతో తీర్చవలసిన అప్పు. నియమమొకటి మారగా ఆటగాని ఆలోచనయే మారినది.