చెవి మిషన్‌కూ ఒక ల్యాంప్ రూమ్ కావాలి

మా శ్రీరాంపూర్‌లో రిటైరైన కార్మికుల ఇళ్లకు పోతే చాలాచోట్ల అల్మారాలో ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది. లోపల చెవి మిషన్ ఉంటుంది. చెవికి ఉండాల్సింది ఇక్కడెందుకుందని అడిగితే, 'అది పనిచేస్తలేదే' అంటారు. అట్లాంటివి తీసి చూస్తే నిజంగా చెడిపోయినవి తక్కువే. గొట్టంలో గులిమి అడ్డం పడ్డవి, చెమట నీరు చేరినవి, అయిపోయిన సెల్లు లోపలే ఉండిపోయి చిలుము పట్టినవే ఎక్కువ. వేల రూపాయల మిషన్ బియ్యపు గింజంత గులిమికి మూగబోతుంది. నా బాధంతా దాని గురించే.

నేను భూగర్భ గనిలో డ్రిల్లు పట్టినవాణ్ణి. ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లే. సింగరేణిలో ఆర్కే, ఎస్సార్పీ గనుల్లో పనిచేసి దిగినవాళ్లలో నాలాంటివాళ్లు ప్రతి గల్లీలో ఉంటారు. డ్రిల్లు మోత, హాలేజీ మోత, ఫ్యాను హోరు, ఆ పైన బ్లాస్టింగ్. రోజుకు 8 గంటల పనిలో శబ్దం 85 డెసిబెళ్లు చేరితే హెచ్చరిక, 90 దాటితే ప్రమాదం అని గనుల భద్రతా శాఖ లెక్క. ఆ మోతకు లోపలి చెవిలో ఉండే సన్నని రోమకణాలు దెబ్బతింటాయి, మళ్లీ మొలవవు. ముందుగా పోయేది సన్నని ధ్వనులు. అందుకే మాకు మాట వినబడుతుంది, ఏమన్నారో అంతు దొరకదు. 'స', 'ష', 'చ' లాంటివి జారిపోతాయి. ఇంట్లోవాళ్లు గట్టిగా అరుస్తారు. అరిస్తే మోత పెరుగుతుంది గానీ మాట స్పష్టం కాదు. పోయిన ఆ సన్నని ధ్వనులను ఎత్తి ఇచ్చేది మిషనే. అందుకే దాన్ని అల్మారాలో పెట్టనీయొద్దని నా పట్టుదల.

బొగ్గుబాయి దిగినవాళ్లకు ఒక్క మాట చెబితే చాలు. షిఫ్టు అయిపోయి పైకి రాగానే క్యాప్ ల్యాంపును ఎవరమూ ఇంటికి తీసుకుపోలేదు. ల్యాంప్ రూమ్‌లో అప్పజెప్పేవాళ్లం. అక్కడ తుడిచి, చార్జింగుకు పెట్టి, మర్నాడు వెలిగేదే చేతికిచ్చేవాళ్లు. చెవి మిషన్‌కు కూడా రాత్రిపూట అట్లాంటి చోటొకటి ఇంట్లో ఉండాలి. మా ఇంట్లో అది టీవీ పక్కన అర. మెత్తని పొడి గుడ్డ, చిన్న బ్రష్షు, మూత బిగుతుగా పట్టే డబ్బా, కొత్త సెల్లుల అట్ట అన్నీ అక్కడే ఉంటాయి.

ఇక సెల్లు సంగతి. మిషన్లలో వేసే బొత్తాం సెల్లు గడియారం సెల్లు లాంటిది కాదు. దీని పేరు జింక్-ఎయిర్. లోపల ఉన్నది జింకు పొడి, అది బయటి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కరెంటు పుట్టిస్తుంది. అందుకే దాని వీపు మీద సూది మొనంత రంధ్రాలుంటాయి, వాటిని మూస్తూ రంగు స్టిక్కరు అంటించి ఉంటుంది. స్టిక్కరు ఊడదీసిన క్షణం నుంచి సెల్లు అరగడం మొదలవుతుంది. మిషన్‌లో వేసినా వేయకున్నా అంతే. మళ్లీ అంటిస్తే ఆగుతుందనుకోవద్దు. కాబట్టి రేపటికని ఇవాళే ఊడదీసి పెట్టుకోవడం దండుగ.

ఎక్కువమందికి తెలియని కిటుకు ఇంకొకటుంది. స్టిక్కరు తీయగానే సెల్లును మిషన్‌లో కుక్కొద్దు. రంధ్రాలు పైకి ఉండేటట్టు బల్ల మీద పెట్టి, చాయ్ తాగినంతసేపు, అంటే మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాలి. గాలి లోపలికి పోయి వోల్టేజీ పూర్తిగా ఎక్కుతుంది. ఆగకుండా వేస్తే కొన్నిసార్లు కొత్త సెల్లు కూడా అయిపోయినట్టే బీప్ కొడుతుంది, మంచిదాన్ని పారేస్తాం. ఊడదీసిన స్టిక్కరును మా కోడలు గోడ క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో అంటిస్తుంది. 'మామా, మొన్న సోమవారమే వేసినం గదా, అప్పుడే ఎట్ల అయిపోయింది?' అని పట్టుకునేది కూడా ఆమే. సెల్లు తొందరగా అయిపోతోందంటే మిషన్ సెల్లు తలుపు సరిగా మూసుకోవడం లేదో, తడి చేరిందో అని అక్కడే తెలిసిపోతుంది.

సెల్లు సైజు రంగుతో గుర్తుపట్టొచ్చు. 10 నంబరుది పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. దుకాణంలో నంబరు గుర్తులేకపోతే రంగు చెబితే చాలు. లెక్క కూడా కష్టం కాదు. 312 సెల్లులో దగ్గర దగ్గర 180 మిల్లీయాంపియర్-గంటల శక్తి ఉంటుంది. మిషన్ గంటకు ఒకటి లాగితే, రోజుకు 16 గంటల చొప్పున పదకొండు రోజులు. ఫోను మాటలు బ్లూటూత్ మీద నేరుగా మిషన్‌లోకి వస్తుంటే ఇంకా ముందే అయిపోతుంది. ఈ సెల్లు చివరిదాకా ఒకే తీరున నడిచి, ఒక్కసారిగా పడిపోతుంది. బయటికి పోయేటప్పుడు జేబులో ఒక కొత్తది ఉండాలి, అదీ అట్టలోనే. చిల్లర నాణేల మధ్య విడిగా వేస్తే షార్ట్ అవుతుంది.

మా దగ్గర ఎండ 45 డిగ్రీలకు పోతుంది. ఆ పొడి వేడికి స్టిక్కరు తీసిన సెల్లు లోపలి తేమ ఆవిరై ఎండిపోతుంది. వానాకాలం గోదావరి గాలికి తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. అట్లని ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే నీళ్లు పడతాయి. ఎండ తగలని, పొడిగా ఉండే అర చాలు. రాత్రి మిషన్ తీసినాక సెల్లు తలుపు తెరిచి ఉంచితే లోపలి తడి బయటికి పోతుంది, కరెంటూ ఆగుతుంది. వానాకాలంలో మాత్రం మిషన్‌ను సిలికా జెల్ గింజలున్న డబ్బాలో పెట్టాలి. పెట్టేముందు సెల్లు తీసి బయట ఉంచాలి. ఆ గింజలు మిషన్‌లోని తడితోపాటు సెల్లుకు కావాల్సిన తేమనూ లాగేస్తాయి.

ఓపెన్‌కాస్టు గని పక్కన ఉండేవాళ్లకు ఇంకో శత్రువు బొగ్గు దుమ్ము. మిషన్ పైన మైకు రంధ్రాలను అది మూసేస్తుంది. బ్రష్షుతో తుడిచేటప్పుడు రంధ్రాలు కిందికి వంచి పట్టుకోవాలి, అప్పుడే దుమ్ము లోపలికి పోకుండా కింద రాలుతుంది. చెవిలో కూర్చునే మౌల్డును మాత్రం కడగొచ్చు. గొట్టంతో సహా మిషన్ నుంచి విడదీసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో రుద్ది, రబ్బరు బుడ్డితో గొట్టంలోకి గాలి కొట్టి నీటిచుక్క బయటికి పోయిందాకా చూడాలి. రాత్రంతా ఆరాకే తిరిగి తగిలించాలి. ఆ ఒక్క చుక్క గొట్టంలో నిలిస్తే మాట రాదు. మిషన్‌కు నీళ్లు తగలొద్దు, స్పిరిట్ తగలొద్దు. తలకు నూనె, పౌడరు, స్నానం అన్నీ అయ్యాకే పెట్టుకోవాలి. ఎక్స్‌రే, ఎంఆర్‌ఐ గదిలోకి పోయేముందు తీసేయాలి. గొట్టం పచ్చబడి గట్టిపడితే మార్పించాలి.

కూయ్ మని కూస్తే మిషన్ చెడిపోయిందని కాదు. మౌల్డు వదులైందో, చెవిలో గులిమి నిండిందో చూపించుకోవాలి. పిన్నీసుతో గెలకొద్దు, ఈఎన్‌టీ డాక్టరు తీస్తారు.

ఒక్క విషయంలో నేను చాలా కఠినంగా ఉంటాను. అయిపోయిన సెల్లును కిటికీ మీద పెట్టనీయను. పిల్లలు మింగినా, ముక్కులో చెవిలో పెట్టుకున్నా లోపలి కండ కాలిపోతుంది. అనుమానం వచ్చినా చాలు, పొద్దున చూద్దామనకుండా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

చార్జింగ్ మిషన్లు వచ్చాక వేళ్లు వణికేవాళ్లకు సులువైంది. కానీ గులిమి, చెమట, దుమ్ము వాటినీ వదలవు.

మిషన్ దొరకడం ఇప్పుడు అసాధ్యమేమీ కాదు. వికలాంగులకు 1981 నుంచి కేంద్రం ఏడిప్ పథకం కింద ఇస్తోంది. నిరుపేద వృద్ధుల కోసం వయోశ్రీ యోజన 2017లో నెల్లూరులోనే మొదలైంది. పరీక్షలు, సలహా కోసం హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి.

క్యాంపులు పెట్టి మిషన్లు పంచే పెద్దలకు నాదొక్క విన్నపం. మిషన్ చేతికిచ్చి ఫొటో దిగి పంపించకండి. వెంట వచ్చిన కోడలినో మనుమరాలినో కూర్చోబెట్టి, స్టిక్కరు తీయడం, గాలికి ఆగడం, మౌల్డు కడగడం వాళ్ల చేత ఒక్కసారి చేయించండి. సెల్లుల అట్టలు కూడా ఒక ఏడాదికి సరిపడా ఇవ్వండి.